కోడికునుకు

మా వాడికి ఐదు వారాలు. చంటిపిల్లలున్న ఇంట్లో రాత్రుళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. నా గొడవంతా పగటి నిద్ర గురించి. పాలు తాగుతాడు, మగతలోకి జారుకుంటాడు, మెల్లిగా పక్క మీద వేస్తాం. సరిగ్గా పాతిక నిమిషాలకి కళ్ళు తెరిచేస్తాడు. ఆ పాతిక నిమిషాల్లోనే మా ఆవిడ స్నానం చెయ్యాలి, అన్నం తినాలి, కాస్త నడుం వాల్చాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటే కుదురుతుంది.

పురుడు కోనసీమలో, మా అత్తారింట్లో. నేను కూడా లాప్‌టాప్ పట్టుకుని ఇక్కడికే వచ్చేశాను. మనం ఇంజినీర్లం కదా, సమస్య కనబడితే ఊరుకోం. ఏ కునుకు ఎన్ని నిమిషాలో ఎక్సెల్ షీట్లో ఎక్కించడం మొదలెట్టాను. మా ఆవిడ అమ్మమ్మగారు నాలుగు రోజులు చూసి, "పసోడికి కోడికునుకే ఉంటుంది బాబూ. మీరలా గడియారం చూడకండి, ఆయుష్షు తగ్గిపోద్ది" అన్నారు. ఆయుష్షు మాటేమో గానీ, కోడికునుకు మాట మాత్రం నిజం.

షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అని ఇద్దరుండేవాళ్ళు. కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర ఒకటుందని 1953లో లోకానికి చెప్పింది వీళ్ళే. 1955లో పసిపిల్లల నిద్ర మీద కూడా రాశారు. పడుకున్న పిల్లల్లో కదలికలు దాదాపు గంటకోసారి తిరిగొస్తుంటాయని గమనించారు. పెద్దవాళ్ళలో ఈ చక్రం గంటన్నర దాకా ఉంటుంది. పైగా అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో సుమారు సగం ఈ కదిలే నిద్రే. మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కాళ్ళూ చేతులూ ఆడిస్తారు. పగలూ రాత్రీ తేడా చెప్పే లోపలి గడియారం కుదురుకోడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందులో ఏ ముక్క ఎంత పొడుగుండాలన్న లెక్క ఈ వయసుకి లేదు.

అయితే చేసేదేం లేదా అంటే, కొంచెం ఉంది. కదిలాడు కదా అని వెంటనే ఎత్తేసుకోకూడదు. ఒక్క నిమిషం ఆగితే సగం సార్లు మా వాడు మళ్ళీ వాడంతట వాడే సర్దుకుంటున్నాడు. లేచి గంట కావస్తుంటే, ఆవలింతలు రాగానే పడుకోబెట్టాలి. అలసిపోయి ఏడుపు లంకించుకున్నాడంటే ఇంక అంతే సంగతులు. మూడోది, జపాన్‌లోని రికెన్ సంస్థవాళ్ళు 2022లో చెప్పింది. ఏడ్చే బిడ్డని ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళోనే ఉంచుకుని కూర్చోవాలి. ఆ తర్వాతే పక్క మీద వెయ్యాలి. ఇది చదివి వినిపిస్తే మా అత్తగారు నవ్వేశారు. "మత్తు పట్టకుండా దింపితే లేచిపోడేటండీ, దానికి జపాన్ దాకా ఎందుకు?" అన్నారు. :-)

ఇంతవరకూ నెట్టూ, అమ్మమ్మగారూ ఒకే మాట మీద ఉన్నారు. తేడా ఇక్కణ్ణించే.

పిల్లల్ని బోర్లా పడుకోబెడితే నిజంగానే ఎక్కువసేపు పడుకుంటారు. అంత తేలిగ్గా లేవరు కూడా. ప్రమాదం అక్కడే ఉంది. ఊపిరాడకపోతే ఉలిక్కిపడి లేవగలగడమే ఆ వయసులో వాళ్ళకున్న రక్షణ. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలెట్టాక, నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పడిపోయింది. అందుకని ఆవాల దిండు తీయించాను. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పిల్లాడి దగ్గరికి రాకుండా చూస్తున్నాను. దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో గడ్డం ఛాతీకి ఆనుకుపోయేలా ముడుచుకుపోతాడు కాబట్టి, నిద్రపట్టాక గట్టి పరుపు మీద వెల్లకిలా వేస్తున్నాం. ఈ ఉక్కలో పొత్తిళ్ళు బిగించి చుట్టడం కూడా మానేశాం. "మేం పెంచలేదేటి?" అన్న ప్రశ్న రానే వచ్చింది. "మీరు బాగానే పెంచారండి, ఇది డాక్టరుగారి మాట" అంటే గొడవ లేకుండా సరిపోయింది. అలాగే, పగలు ఒకవేళ మూడు గంటలు దాటి పడుకున్నా లేపి పాలు పట్టమన్నారు. బరువు పెరగాల్సిన రోజులు కదా.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఒకటే. వాడి కునుకు వాడికి సరిపడానే ఉంది. చాలనిది వాళ్ళమ్మ నిద్ర. పాతిక నిమిషాల్ని గంట చెయ్యమని ఐదు వారాల వాడి మీద పడేకన్నా, ఆవిడకి రెండు గంటలు ఏకధాటిగా ఇప్పించడం సులువు. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా డ్యూటీ నాది. ఆ టైముకి కాలెండర్లో మీటింగులు పెట్టనివ్వను. పాలు తాగగానే వాణ్ణి తీసుకుని అవతల గదిలోకి వెళ్ళిపోతాను. వాడు నాలుగుసార్లు లేచినా ఆవిడకి తెలియదు. చూడ్డానికొచ్చే చుట్టాల్ని కూడా సాయంత్రమే రమ్మంటున్నాం.

2017 సవరణతో తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజులుంది. మన ఐటీలో తండ్రి సెలవంటే కంపెనీ దయ, మన ప్రాప్తం. అది దొరికితే ఫోటోలు తీసుకోడానికీ, బారసాల పిలుపులకీ ఖర్చుపెట్టెయ్యకండి. దొరక్కపోయినా రోజుకి రెండు గంటలు ఎక్కడో అక్కడ దొరుకుతాయి. ప్రొడక్షన్ సర్వరు పడిపోయిందంటే అర్ధరాత్రి లేచి కూర్చునేవాళ్ళం, ఈపాటి చెయ్యలేమా?