పళ్ల లెక్క

రిమోట్ కారులో ఒక గేరు పోతే కొత్తది తెచ్చి వేయడం చిన్న పనే అనిపిస్తుంది. కానీ అంగట్లో అడగాలన్నా, ఆన్‌లైన్‌లో వెతకాలన్నా ముందు నాలుగు సంగతులు తెలియాలి. పళ్లెన్ని, పన్ను సైజెంత, నడుమ రంధ్రం ఎంత, దేంతో చేసింది. కొలతలు నేను చూసుకున్నా, అసలు ఏది కొనాలో తేల్చింది మాత్రం మా నాయన. ఆయన ఎప్పుడూ రిమోట్ కారు ముట్టలేదు. శిడ్లఘట్టలో పట్టునూలుకు పురి వేసే ట్విస్టింగ్ మిషన్ల దగ్గర 26 ఏళ్లు పనిచేశాడు.

కారు మా అబ్బాయిది. వాడికి 11 ఏళ్లు. అసలు కారులో పదో వంతు సైజు, బ్యాటరీతో నడిచేది. మోటారు కడ్డీకి ఒక చిన్న గేరు ఉంటుంది, దాన్ని పినియన్ అంటారు. అది పక్కనున్న పెద్ద గేరును, అంటే స్పర్‌ను తిప్పుతుంది. మా లేఅవుట్ మట్టి రోడ్డులో ఒక గులకరాయి ఆ రెండింటి మధ్యకు పోయి, ప్లాస్టిక్ స్పర్‌కి మూడు పళ్లు ఊడిపోయినాయి.

"పండ్లు ఎన్నో లెక్కబెట్టు" అన్నాడు నాయన. "ఫ్రూట్సా తాతా?" అని వీడు నవ్వినాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం కన్నడంలో వస్తుంది. కన్నడంలో హల్లు వేరు, హణ్ణు వేరు. మనకు నోట్లోవీ పళ్లే, చెట్టువీ పళ్లే. మన 'ప' అక్కడ 'హ' అవుతుందని వాడికి చెప్పినాను. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. "పురి కూడా హురే గదా" అన్నాడు నాయన. ఊడిన చోట ఖాళీలను కూడా కలుపుకొని తాతా మనవడూ లెక్కపెడితే 64 వచ్చింది.

పన్ను సైజుకు సూత్రం ఉంది. గేరు బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పళ్ల సంఖ్యకు 2 కలిపి దానితో భాగించాలి. మాది 52.8. దాన్ని 66తో భాగిస్తే 0.8. దీన్నే మాడ్యూల్ 0.8 అంటారు. అంగుళాల లెక్కలో చేసిన గేర్లకు 32 పిచ్, 48 పిచ్ అని ఉంటుంది. 32 పిచ్ గేరు 0.8కి చాలా దగ్గర, 48 పిచ్ పన్ను మాత్రం బాగా చిన్నది, దీనితో కలవనే కలవదు. ఫోటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొలవకుండా కొనకూడదు. పినియన్ రంధ్రం మోటారు కడ్డీని బట్టి ఉంటుంది. మా మోటారు 540 సైజు, దాని కడ్డీ 3.17 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

తర్వాత నిష్పత్తి. నేను కన్నడ మీడియంలో చదివినాను. అక్కడ రేషియోను అనుపాత అంటారు. తెలుగులో అనుపాతం అంటే ప్రపోర్షన్ అని పెద్దయినాకే తెలిసింది. నాయనకు ఈ రెండు మాటలతోనూ పని లేదు. పాత పినియన్‌కి 18 పళ్లు. మా వాడికి 20 కావాలి, ఎందుకంటే స్పీడు నూటికి 11 వంతులు పెరుగుతుంది. నాయన అన్నది ఇది: "మా మిషన్లో చేంజ్ వీల్ అని ఉండేది. ఒక పన్ను తక్కువది వేస్తే నూలు చుట్టుకునేది నిదానమవుతుంది, స్పిండిల్ మాత్రం అదే స్పీడులో తిరుగుతుంది. అప్పుడు అంగుళానికి పురి ఎక్కువ పడుతుంది. నిదానమైతే పోగొట్టుకునేదేమీ లేదు, ఇంకోటి వస్తుంది."

కారులో ఆ వచ్చే ఇంకోటి లాగే బలం. పినియన్ పెద్దదైతే వేగం పెరుగుతుంది, దాంతో పాటు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. చిన్నదైతే ఇసుకలో, ఎత్తులో సులువుగా పోతుంది. మా రోడ్డుకు 18 కంటే తక్కువదే మేలు. మరి 17నా, 16నా?

"16 వద్దు" అన్నాడు నాయన వెంటనే. 64ను 16తో భాగిస్తే సరిగ్గా 4. అంటే పినియన్‌లో ఒక పన్ను ఎప్పుడూ పెద్ద గేరులోని ఆ నాలుగు పళ్లనే తాకుతూ ఉంటుంది. ఒక పన్ను కాస్త వంకరగా ఉంటే ఆ నాలుగే అరుగుతాయి. 18 అయితే 32 పళ్లను తాకుతుంది. 17కూ 64కూ ఉమ్మడిగా భాగించే సంఖ్య లేదు కాబట్టి ప్రతి పన్నూ 64 పళ్లనూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అందరికీ సమానంగా పంచుకున్నట్టు. ఇది ఇంజనీరింగు పుస్తకాల్లో ఉన్నదే. నాయన మాత్రం దాన్ని మిషన్ దగ్గర, అరిగిన గేర్లు చూసి నేర్చుకున్నాడు.

ఇక లోహం సంగతి. "అన్నీ స్టీలే వేసేద్దాం నాన్నా, మళ్లీ పోదు" అన్నది మా వాడి పట్టు. నాయన వాణ్ణి కోప్పడలేదు. ఒక్క ప్రశ్న అడిగినాడు: "ఇది పోకపోతే ఏది పోతుంది?" రాయి మళ్లీ ఇరుక్కుంటే ఆ దెబ్బ ఎక్కడో ఒక చోట పడాల్సిందే. స్పర్ స్టీలైతే అది డిఫరెన్షియల్‌కో, మోటారు కడ్డీకో తగులుతుంది. అవి ఖరీదు, విప్పడమూ కష్టం. పైకి అందుబాటులో ఉన్నదీ, చవకదీ, మెత్తనిదీ ముందు పోవాలి. అందుకే పినియన్ స్టీలు, స్పర్ నైలాన్ అని తేల్చినాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నేను రోజూ అడిగేదీ ఇదే ప్రశ్న. ఇది ఫెయిలైతే ఏది ఫెయిలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అని. ఆ ప్రశ్న మా ఇంట్లో నాకంటే ముందే ఉందన్నమాట.

మాకు చిన్నప్పుడు ఎవరైనా "మీ నాయన ఏం పని?" అంటే "సిల్కు ఫ్యాక్టరీ" అని చెప్పి ఊరుకునేవాళ్లం. నాయన మమ్మల్ని ఆ షెడ్డు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "చదువుకోండి, ఈ చప్పుడు మీకెందుకు" అనేవాడు. యూనిట్ మూసినాక ఆ మాటే ఎత్తలేదు. పంపకాల్లో పొలం వస్తుంది, ఇల్లు వస్తుంది. ఏ పన్ను దేన్ని కొరుకుతుందో తెలిసిన లెక్క ఏ కాగితం మీదా రాదు. ఈ గేరు పోకపోతే ఆ లెక్క ఆయన దగ్గరే ఉండిపోయేది.

పార్ట్స్ వచ్చినాక బిగించడం తాతా మనవళ్ల పని. ఒక పన్ను తగ్గితే మోటారును 0.4 మిల్లీమీటరు దగ్గరికి జరపాలి. రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి, స్క్రూ బిగించి, కాగితం తీసేయాలి. ఆ కాగితం మందమే వాటికి ఊపిరాడే చోటు. మరీ బిగువైతే కూత పెడుతుంది, వేడెక్కుతుంది. మరీ వదులైతే పళ్లు జారి చిరుగుతాయి. పది నిమిషాలు నడిపి మోటారు వేడి చూస్తే 58 డిగ్రీలు. 70 దాటకూడదని నేను పెట్టుకున్న గీత.

వేగం తగ్గిందని మా వాడికి కొంచెం కొరతే. కానీ ఇసుక కుప్ప ఎక్కినప్పుడు తాత వైపు చూసి "పురి ఎక్కువైంది తాతా" అన్నాడు, తెలుగులోనే.

ఊడిన గేరును పారేయనియ్యలేదు నాయన. మిషన్ దగ్గర అరిగిన ప్రతి గేరునూ మేకుకు తగిలించేవాళ్లంట, మళ్లీ కొనేటప్పుడు మాదిరికి. ఇప్పుడది మా టూల్ డబ్బా పక్కన మేకుకు ఉంది. దాని మీద మా వాడు మార్కరుతో రాసినాడు: 64, 0.8.