మాటువేట

వేట యనగానే మనకు రథములు, వేటకుక్కలు, రాచబిడ్డల పరుగులు స్ఫురించును. కాని వేటలో పరుగుకంటె నిరీక్షణమే హెచ్చు. దశరథుడు సరయూతీరమున రాత్రివేళ పొంచియుండినది యిట్టి మాటువేటకే. నీటికి వచ్చు మృగమునకై చెవియొగ్గి, కడవ మునిగిన చప్పుడును ఏనుగు చప్పు డనుకొని బాణము విడిచెను. ముసలి తలిదండ్రుల కున్న యొక్క యాధారము తెగిపోయెను.

మా శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల తూర్పుకనుమలలో జాతాపులు, సవరలు తరతరములుగ నివసించుచున్నారు. సీతంపేట కొండలలో నొక జాతాపు అవ్వతో మే మొకపూట గడిపితిమి. ఆమె భర్త యౌవనమున మాటుకాచుటలో నేర్పరియట. ఆ విద్య యెట్టిదని యడుగగా అవ్వ, “గాలి ఎటేపు తోలతాదో సూసుకోనోడికి దుప్పి అగుపడదు తల్లీ” అనెను.

ఆ మాటలో శాస్త్ర మున్నది. దుప్పికి కంటికంటె ముక్కు బలము. సాయంకాలమున కొండ చల్లబడగా గాలి పల్లమునకు జారును; ప్రొద్దెక్కగా వేడెక్కి మీదికి ప్రాకును. కనుక సాయంతనము వాగునకు దిగు మృగమునకై వేటకాడు బాటకు దిగువను, తెల్లవారినపిదప కొండకు మరలు మృగమునకై యెగువను కూర్చుండును. అప్పుడు మృగము వాసన వానికి వచ్చునే కాని వాని వాసన మృగమునకు పోదు. దుప్పి కన్నులు తలకు ప్రక్కల నుండుటచే రవంత కదలికనైనను పసిగట్టును. కదలక కూర్చున్న మనిషిని మాత్రము తరచు గుర్తింపదు.

చైత్రమాసమున ఇప్పపూలు రాలుచుండగా మాటు ఎక్కడ వేయవలెనో చెట్టే చెప్పును. కొమ్మపైనున్న కొండముచ్చు పులినో చిరుతనో చూచి యరచినచో క్రింది దుప్పులు పారిపోవును. అది రాల్చిన ఆకులు, కాయలు వాని కాహారము. కణుజు జడిసినపుడు ముంగాలితో నేలను తన్ని బిగ్గరగ కూయును. ఆ కూత విన్న వేటకాడు తన జాడ తెలిసిపోయెనేమో యని శంకించును.

పూర్వపు విశాఖపట్టణ మండలమును గూర్చి ఫ్రాన్సిస్ దొర 1907లో వెలువరించిన గెజెటీరులో కొండవారి చైత్రపు వేటపండుగ ప్రస్తావన గలదు. వట్టిచేతులతో మరలిన పురుషులపై స్త్రీలు పేడ విసరుదురట! చదువుటకు నవ్వు వచ్చును. కాని మాటు రాత్రులలో ఇంటనున్న ఆలి స్థితి యెట్టిదని మే మడిగినపుడు అవ్వ నవ్వలేదు. “ఇప్పసెట్టు దుప్పినే కాదు, ఎలుగునీ పిలుస్తాది. పిల్లల్ని నిద్రపుచ్చి, మంట ఆరకండా తెల్లార్లూ కూకునేదాన్ని” అనెను. మాంసము వచ్చినచో ఊరంతయు పంచుకొనెడివారట. రానినాడు చోడి అంబలియే దిక్కట.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణతో వినోదార్థమైన వేట కనుమతి పత్రములును పోయెను. మృగమును చంపుటయే కాక, దాని మాంసమును కొనుటయు నేరమే. అంబలితో కడుపు నింపుకొన్న అవ్వకు ఈ కట్టడి కఠినముగ తోచియుండవచ్చును. అయినను ఇది యవసరమే యని మా యభిప్రాయము. గాలిని గమనించి కూర్చున్నవానినుండి తప్పించుకొనుటకు దుప్పి కొక దారి యుండెను. కన్నులు చెదరు టార్చి వెలుగును, దూరమునుండి పేలు తుపాకియు ఆ దారి మూసివేసినవి. అడవియు తరిగిపోయినది.

ఆ విద్య మాత్రము నశింపనక్కర లేదు. ఆ గాలినే చూచుకొని, ఆయుధము లేక కూర్చున్నవానికిని దుప్పి కనబడును. అవ్వ తన మనుమలకు గిట్టల జాడలు, కొండముచ్చు అరపులు నేర్పుచున్నది. వారు చంపరు, చూచి వత్తురు.

సోదరీమణులారా! ఆకలి యెరుగని పట్టణపు టిండ్లలో నేటికిని జింకమాంసము గొప్పకొరకు రహస్యముగ కోరువారు గలరు. అవ్వ యింట అది ఆకలి తీర్చినది. మన యింట అది డాంబికము. అట్టి పొట్లము గడపకు వచ్చిననాడు పొయ్యి వెలిగింపము అను మాట మనమే చెప్పవలెను.