సాన్స్‌కి హిసాబ్

2021 రంజాన్. ఉప్పల్‌లో మా ఇంట్లో అబ్బాకి కోవిడ్. దవాఖానాల్లో బెడ్ దొరకలేదు. దోస్త్ ఇచ్చిన కాన్సన్‌ట్రేటర్ కరెంటు మీద నడుస్తోంది. కరెంటు పోతే ఎలా అని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకి పోయి, లైన్లో నిలబడి బి-టైప్ సిలిండర్ ఒకటి నింపించుకొచ్చా.

హిసాబ్ నేనే వేశా. 10 లీటర్ల సిలిండర్, 150 బార్ ప్రెషర్. అంటే దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్. అబ్బాకి నిమిషానికి 2 లీటర్లు చాలు. పన్నెండున్నర గంటలొస్తుంది. బేఫికర్‌గా పడుకున్నా.

రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. పైపు సిలిండర్‌కి మార్చేలోపే అబ్బాకి ఘబరాహట్. ఆక్సీమీటర్ 84 చూపించింది. ఫోన్లో డాక్టర్ 5 లీటర్లు పెట్టమన్నాడు. పన్నెండున్నర గంటలు కాస్తా 5 గంటలైపోయాయి. అంటే పొద్దున ఆరు దాకే. నాచారంలో షట్టర్ లేచేది ఎనిమిదికి.

"కిత్నా హై బేటా?" అబ్బా అడిగారు.

"బహుత్ హై అబ్బా" అన్నా. రంజాన్ నెలలో, అబ్బా మొహం చూస్తూ ఝూట్ చెప్పా.

ఫజర్ అజాన్‌కి ముందే కరెంటొచ్చింది. అబ్బా బతికారు. అది అల్లాహ్ రహమ్, నా హిసాబ్ గొప్ప కాదు.

ఈమధ్య ఆఫీసులో రీబ్రీదర్ డైవింగ్ మీద ఒక ఇంగ్లిష్ ఐటెం అనువాదానికొచ్చింది. రీబ్రీదర్‌తో నీళ్లలోకి దిగినవాడు వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు. అందులోని కార్బన్ డయాక్సైడ్‌ని సోడా లైమ్ లాగేస్తుంది, ఖర్చైన ఆక్సిజన్‌ని మిషన్ కలుపుతుంది. మిషన్ చెడిందా, పక్కన తగిలించుకున్న సిలిండరే దిక్కు. దాన్ని బెయిలవుట్ అంటారు. కోర్టు వార్తలు రాసిన నాకు బెయిలంటే జమానత్. ఇది సాన్స్‌కి జమానత్.

దానికీ హిసాబుంది. ప్రశాంతంగా ఉన్న మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగింతలు, కాబట్టి 80 లీటర్లు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే 2200 లీటర్లు, ఆ లోతులో 27 నిమిషాలు. కానీ మిషన్ చెడ్డప్పుడు ఎవరు ప్రశాంతంగా ఉంటారు? భయంతో, ఒంట్లో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌తో సాన్స్ రెట్టింపైతే 14 నిమిషాలు కూడా రాదు. అందుకే ఘబరాహట్‌లో ఉన్నవాడి సాన్స్‌తోనే లెక్కెయ్యాలి, అదీ మధ్యలో ఆగాల్సిన ఆగుళ్లతో సహా నీటిపైకి చేరేదాకా.

అక్కడ నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ రాత్రి నా గల్తీ సిలిండర్ చిన్నది కావడం కాదు. అబ్బా నిమ్మళంగా ఉన్నప్పటి సాన్స్‌తో లెక్కేశా. షట్టర్ లేచే టైముని లెక్కలోకే తీసుకోలేదు.

అబ్బా ఇప్పటికీ రాత్రిళ్లు ఆక్సిజన్ పెట్టుకుంటారు. ఇప్పుడు రెండు సిలిండర్లున్నాయి. గోడకి చీటీ అతికించా: ఒక్కోటి 5 గంటలు. 2 లీటర్ల లెక్క రాయలేదు.

మొన్న కరెంటు పోయినప్పుడు అబ్బా మళ్లీ అడిగారు, "కిత్నా హై బేటా?"

"దస్ ఘంటే, అబ్బా." ఈసారి నిజమే చెప్పా.