గోడ లోపలి తడి

ఇల్లు మనిషికి విశ్రాంతి స్థలం. ఆ ఇంటిని మడిచి వెంట తీసుకుపోగలగడం మరొక అనుగ్రహం. దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ ఈ రెండింటినీ ఒకేచోట ప్రస్తావించాడు. నివాస గృహాలతో పాటు, ప్రయాణం నాడూ విడిది నాడూ తేలికగా ఉండే పశుచర్మపు గుడారాలను కూడా గుర్తు చేశాడు. మదర్సాలో ఈ ఆయతును ఏళ్ళ తరబడి బోధించాను. అయితే గుడారపు తేలికదనంలోని మేలును దగ్గరగా చూసింది మాత్రం అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఒక పాత బండిని బాగుచేస్తున్నప్పుడు.

మా అబ్బాయి కుటుంబం ఫీనిక్స్ నగరంలో ఉంటుంది. నేనూ, మా ఇంటావిడా మూడు నెలల కోసం కడప నుండి అక్కడికి వెళ్ళాము. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవరాలికి తొమ్మిదేళ్ళు, మనవడికి ఆరేళ్ళు. ఆ నలుగురూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చునేది వారానికి ఒకటి రెండు సార్లే. సెలవు దినాలలోనైనా పిల్లలతో కలిసి ఎక్కడికైనా వెళ్ళాలని కోడలి కోరిక. హోటళ్ళలో దిగితే ఖర్చు ఎక్కువ. దారిలో హలాల్ భోజనం దొరకడమూ కష్టమే. అక్కడ చాలామంది ఇందుకోసం ఇల్లులాంటి బండ్లను వాయిదాల మీద కొంటారు. వడ్డీతో ముడిపడిన అప్పు వద్దని మా అబ్బాయి ముందే నిశ్చయించుకున్నాడు. అతని వద్ద పాత పికప్ ట్రక్కు ఉంది. దాని వెనుక తొట్టిలో అమర్చుకునే ‘పాప్-అప్ క్యాంపర్’ పాతది చూసి, రొక్కమిచ్చి కొనాలని అతని ఆలోచన.

పాప్-అప్ క్యాంపర్ అంటే పెట్టె వంటి చిన్న గది. దాని ముందు భాగం డ్రైవరు తల మీదుగా చొచ్చుకు వస్తుంది, పడక అక్కడే. బండి నడిచేటప్పుడు కప్పు కిందికి దిగి ఉంటుంది కనుక ఎదురుగాలి తాకిడి తక్కువ. ఆగినచోట పిడి తిప్పితే కప్పు పైకి లేస్తుంది. కప్పుకూ గోడలకూ మధ్య మడిచి ఉన్న మందపాటి గుడ్డ తెరుచుకుంటుంది. అప్పుడు లోపల నిటారుగా నిలబడవచ్చు. గ్యాసు పొయ్యి, చిన్న సింకు, 75 లీటర్ల నీటి తొట్టి, పడకగా మార్చుకోగల భోజనపు బల్ల – ఇవీ లోపలి వసతులు. సగం ఇల్లు, సగం గుడారం.

మేము చూసిన మొదటి క్యాంపర్ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. గోడలకు కొత్త కాగితం, అలమరలకు తెల్లని రంగు. కానీ తలుపు తీయగానే తడిసిన చెక్క వాసన వచ్చింది. నీరు ఎప్పుడైనా కారిందా అని అడిగితే, ఒక్క చుక్క కూడా లేదన్నాడు యజమాని. మా అబ్బాయి మూలను బొటనవేలితో నొక్కాడు. కాగితం కింద చెక్క మెత్తగా లోపలికి పోయింది. సలాం చెప్పినట్టు చేయి ఊపి వచ్చేశాము.

రెండవది ఫీనిక్స్‌కు ఉత్తరాన కొండల మీదున్న ప్రెస్కాట్ పట్టణంలో దొరికింది. యజమాని వడ్రంగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధుడు. బేరం మొదలు కాకముందే ఆయన ఒక స్క్రూడ్రైవర్ తెచ్చి కిటికీ కింద చెక్కలో గుచ్చాడు. అది చాయలో ముంచిన బిస్కట్‌లోకి దిగినట్టు దిగింది. “ఇక్కడ కుళ్ళింది. కప్పు మీద గాలి రంధ్రం పగిలింది. హీటర్‌ను నమ్మవద్దు” అని ఒక్కొక్కటీ చూపి, ఆ లోపాలన్నీ తీసివేయగా మిగిలిన ధర రెండువేల ఐదువందల డాలర్లని చెప్పాడు.

ఆయన ముందు నిలబడి నేను సహీహ్ ముస్లింలోని హదీసును తలచుకున్నాను. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాగైతే తడిసిన భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ సంగతిని మా అబ్బాయి చేత ఆ వృద్ధునికి చెప్పించాను. ఆయన కాస్త ఆశ్చర్యపడి, “మరి ఇంకెలా అమ్ముతారు?” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నిజాయితీ ఆయనకు అలవాటై పోయింది.

మరమ్మతుకు ఆరు వారాంతాలు పట్టింది. పాత క్యాంపర్‌కు అసలు శత్రువు నీరే. ఎండకూ చలికీ కప్పు అతుకుల మీది లప్పం పగులుతుంది. ఆ సన్నని చీలికలోంచి దిగిన నీరు రేకుకూ లోపలి పలకకూ మధ్యనున్న చెక్క చట్రాన్ని తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. అందుచేత ముందు లోపలి పలకలు ఊడదీశాము. కుళ్ళిన కర్రలను కోసి కొత్తవి బిగించాము. అంచు పట్టీలు తీసి, పాత లప్పాన్ని గీకి, వాటి కింద బ్యుటైల్ పట్టీ పరిచి మళ్ళీ బిగించాము. కప్పు అతుకుల మీద తనంతట తానే పరుచుకునే లప్పం పోశాము. గుడ్డ గోడకున్న చిరుగులను మా ఇంటావిడా కోడలూ కలిసి అతికారు.

మూడవ వారం ఒక పరీక్ష ఎదురైంది. ఆ వృద్ధునికి కూడా తెలియని కుళ్ళు మరొక మూలలో బయటపడింది. దాన్ని తీయాలంటే అప్పటికే బిగించిన పలకను మళ్ళీ విప్పాలి. మా అబ్బాయి అలసిపోయి ఉన్నాడు. ప్రయాణపు తేదీ దగ్గర పడుతోంది. మనవడు ఆ సందులోకి తొంగి చూసి, “లోపల ఎవరు చూస్తారు దాదా?” అన్నాడు.

“వాన చూస్తుంది బేటా. వానను పంపేవాడు వానకంటే ముందే చూస్తాడు” అన్నాను.

మా అబ్బాయి ఏమీ అనలేదు. స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

గ్యాసు విషయంలో ఏ మాత్రం ఉపేక్ష పనికిరాదు. పాత రబ్బరు గొట్టమూ, రెగ్యులేటరూ మార్చి, ప్రతి అతుకు మీదా సబ్బు నీరు పూసి బుడగలు వస్తున్నాయేమో చూశాము. హీటర్‌ను తీసివేశాము. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి దాన్ని పసిగట్టి మోగే పరికరం పెట్టాము. ట్రక్కు ఎంత బరువు మోయగలదో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద ముద్రించి ఉంటుంది. క్యాంపర్, మనుషులు, సామాను, చివరకు తొట్టిలోని 75 కిలోల నీరూ అందులో లెక్కకు రావాలి.

అక్టోబరులో గ్రాండ్ కెన్యాన్‌కు బయలుదేరాము. ఫీనిక్స్ నుండి అది సుమారు 370 కిలోమీటర్లు. నిలువెత్తు స్తంభాల వంటి సగువారో నాగజెముళ్ళ ఎడారిలో మొదలైన దారి, ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి పైన్ అడవిలోకి, సముద్రమట్టానికి 2,100 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. రాత్రి స్త్రీలూ పిల్లలూ క్యాంపర్‌లో, నేనూ మా అబ్బాయీ పక్కనే చిన్న గుడారంలో పడుకున్నాము.

ప్రయాణంలో పిల్లలు నేర్చుకున్న ధర్మం నా పాఠాలలో కంటే ఎక్కువ. హనఫీ విద్వాంసుల లెక్కలో సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. మన ఊళ్ళో ఖిబ్లా పడమర. అక్కడ మాత్రం ఉత్తరానికి దగ్గరగా, ఈశాన్య దిశలో ఉంటుంది. ఎందుకని మనవరాలు అడిగితే, ఇంట్లో గ్లోబు మీద ఫీనిక్స్ నుండి మక్కాకు దారం బిగించి చూడమన్నాను. అన్నిటికంటే దగ్గరి దారి ఉత్తరం మీదుగా పోతుంది. నీటి తొట్టి ముల్లు దిగుతుంటే పొదుపు దానంతట అదే వచ్చింది. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే మన కొలతలో లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారని చెప్పాను. మనవడు ఒక గ్లాసుతో ప్రయత్నించి గెలిచాడు.

ఫజ్ర్ తరువాత లోయ అంచుకు వెళ్ళాము. 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 1,800 మీటర్లకు మించిన లోతు. అడుగున సన్నని దారంలా కొలరాడో నది. సూర్యకాంతి దిగుతున్న కొద్దీ రాతి పొరలు ఒక్కొక్కటే రంగు తేలాయి. పిల్లలకు మా కడప జిల్లా గండికోట గురించి చెప్పాను. అక్కడ ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నా నది పారుతుంది. లోయ అంచునే కోట, కోటలో జామియా మసీదు ఉన్నాయి. కొలతలో దీనికి సాటి రాదు కానీ, రెండుచోట్లా రాతిని కోసినది నీరే. బండిలో చెక్కను కుళ్ళబెట్టిన నీరు కూడా అదే కదా అంది మనవరాలు. నిజమే. నీరు తొందరపడదు, మరచిపోదు.

మన ప్రాంతంలోనూ పాత ఆటోలు, వ్యానులు, కార్లు ఎన్నో కుటుంబాల చేతులు మారుతుంటాయి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి లోపాన్ని బయటపెడితే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం. మా అబ్బాయి ఒక నోటుబుక్కు పెట్టాడు. ఏ కర్ర మార్చారో, ఏ అతుకు ఎప్పుడు మూసారో, ఏ మూల ఇంకా అనుమానమో అందులో తేదీలతో రాస్తున్నాడు. ఎప్పుడైనా క్యాంపర్ అమ్మితే తాళంచెవితో పాటు ఆ పుస్తకం కూడా కొనేవారి చేతికి వెళుతుంది, ఇన్‌షా అల్లాహ్.