పెద్దాయనను అడిగారా?

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో, నీలోఫర్ ఆసుపత్రికి దగ్గర్లోనే ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో మొదలైన సర్కారు దవాఖానా అది. జిల్లాల నుంచి తెల్లారేసరికే వచ్చి ఓపీ ముందు కూర్చునేవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులూ ఉంటారు. వాళ్లందరి ఫైళ్లలోనూ జబ్బు పేరు ఒకటే. డాక్టర్లు చెప్పే వైద్యం మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో తీరు. అలా ఎందుకో దగ్గరుండి తెలుసుకోవాలని, రోగుల అంగీకారంతో ఓపీ గదిలో ఓ మూల కూర్చున్నాను.

ముందుగా వచ్చింది సిద్దిపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్, వెంట కొడుకు. మూత్రం సరిగ్గా రావడం లేదని చూపించుకుంటే పీఎస్ఏ రక్తపరీక్షలో 7 వచ్చింది. సాధారణంగా 4 దాటితే అనుమానిస్తారు. అయితే వయసుతో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ పెరుగుతుంది కాబట్టి దాంతోనే క్యాన్సర్ అని తేల్చరు. ఎమ్మారై తీసి, ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తే గ్లీసన్ స్కోరు 6 అని తేలింది. కణాలు ఎంత క్రమం తప్పాయో మైక్రోస్కోప్ కింద చూసి వేసే లెక్క అది. 1960లలో అమెరికన్ పాథాలజిస్ట్ డొనాల్డ్ గ్లీసన్ రూపొందించాడు. ఇప్పుడు 6 నుంచి 10 దాకా వేస్తారు. 6 అంటే చాలా నిదానంగా పెరిగే రకం.

"ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందాం సార్?" అన్నాడు కొడుకు.

డాక్టర్ తండ్రి వైపు తిరిగి, "మీకేం చెప్పిన్రు సార్?" అని అడిగారు.

"గ్రంథి వాచిందన్నరు."

కొడుకు తల దించుకున్నాడు. డాక్టర్ జబ్బు పేరు చెప్పి, అది ఎంతవరకు ఉందో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పుడేం చెయ్యకుంటే ఏమైతది?"

ఆ ప్రశ్నకు బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో సమాధానం ఉంది. జబ్బు గ్రంథి దాటని 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు గమనింపు మాత్రమే. 15 ఏళ్ల తర్వాతి ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టులో చూసినా ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు, అంతే. గమనింపు జట్టులో మాత్రం జబ్బు దూరంగా పాకినవాళ్లు నూటికి తొమ్మిది మందికి పైగా ఉన్నారు. మిగతా రెండింటిలో అయిదుగురు. అందుకే గమనింపు అంటే క్రమం తప్పని పీఎస్ఏ, ఎమ్మారై, అవసరమైతే మళ్లీ ముక్క పరీక్ష. జబ్బు కదిలిన జాడ కనిపిస్తే వైద్యం మొదలవుతుంది. మాస్టారు గమనింపుకే ఒప్పుకున్నారు.

తర్వాత భార్య, అల్లుడితో వచ్చిన నల్గొండ లారీ డ్రైవర్‌కు గ్లీసన్ 7. ఆగడానికి లేదు, తీసేయాలి లేదా రేడియేషన్ పెట్టాలి. ఆపరేషన్‌తో గ్రంథి మొత్తం పోతుంది. కొన్నాళ్లు మూత్రం పైపు ఉంటుంది, పైపు తీశాక కొన్ని నెలలు తెలియకుండా మూత్రం కారవచ్చు, కొందరికి అది పూర్తిగా తగ్గదు. లైంగిక శక్తిని కాపాడే నరాలు గ్రంథిని అంటుకునే ఉంటాయి. వాటిని తప్పించి కోసే పద్ధతిని 1982లో ప్యాట్రిక్ వాల్ష్ చూపించాడు. అయినా అందరికీ వాటిని కాపాడటం కుదరదు. రేడియేషన్‌లో కోత ఉండదు. కానీ మూత్రంలో మంట, విరేచనంలో రక్తం వంటి ఇబ్బందులు రావచ్చు. లైంగిక శక్తి మెల్లగా తగ్గవచ్చు. ఈ మాటలు చెప్పేటప్పుడు డాక్టర్ అల్లుణ్ని బయటికి పంపి, భార్యను ఉండమన్నారు. ఆ దంపతులు నేలచూపులతోనే అయినా అడగాల్సినవన్నీ అడిగారు.

రేడియేషన్ విభాగం బయట మగవాళ్లు నీళ్ల సీసాలతో కూర్చుని ఉన్నారు. మూత్రాశయం నిండితే పేగు పక్కకు జరిగి, దానిమీద కిరణాలు తక్కువ పడతాయి. అందుకని కొలత ప్రకారం తాగి, మూత్రం బిగబట్టుకుని వంతు కోసం చూస్తారు. లోపల బల్ల మీద కొద్ది నిమిషాలే పని. ఒకప్పుడు ఏడు వారాలకు పైగా సాగే వైద్యాన్ని ఇప్పుడు చాలామందికి 20 సిట్టింగులలో, నాలుగు వారాల్లో ముగించవచ్చు. పట్నంలో గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబానికి ఆ తేడా ఎంతో పెద్దది.

చివరిగా వచ్చిన పాలమూరు రైతుకు నెలల తరబడి నడుం నొప్పి. నొప్పి సూదులతో కాలం గడిచింది. ఈలోగా జబ్బు ఎముకలకు పాకింది. ఈ దశలో గ్రంథిని తీసేస్తే నయం కాదు. జబ్బుకు మేత అయిన మగ హార్మోన్‌ను ఆపాలి. ఆ హార్మోన్‌ను ఆపితే జబ్బు తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. అందుకు మూడు నెలలకోసారి సూది, లేదా ఒక్కసారి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్. దేనితోనైనా ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఎముకల బలహీనత ఉంటాయి. తోడుగా అబిరటెరోన్ వంటి మాత్రలు కలిపితే ఆయుష్షు పెరుగుతుంది. ఎముక నొప్పికి ఒక్క సిట్టింగ్ రేడియేషనే చాలాసార్లు ఉపశమనం ఇస్తుంది. "కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఆ రోజే రావాలె," అని డాక్టర్ గట్టిగా చెప్పారు. వెన్నుపాము నొక్కుకుపోతే ఆలస్యం చేయకూడదు.

వెంట వచ్చిన రైతు కొడుకులు సూదులే మేలన్నారు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "సూదికని మాటిమాటికి రాలేను. ఒక్కసారే అయిపోవాలె. ఆపరేషన్ చెయ్యున్రి," అన్నాడు. కొడుకులు ఊహించని మాట అది. డాక్టర్ రాసుకున్నారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ జబ్బు పేరు చెప్పకపోవడం ప్రేమ అనుకుంటాం. కానీ తడిసిన పంచె మార్చుకునేది, అర్ధరాత్రి ఆవిర్లకు లేచి కూర్చునేది, భార్యతో సంసారంలో వచ్చే మార్పును మోసేది ఆయనే. ఏ బాధ ఓర్చుకోగలడో, ఏది ఓర్చుకోలేడో కొడుక్కి తెలియదు, డాక్టరుకూ తెలియదు. అందుకే నాన్నను ఓపీకి తీసుకెళ్లేటప్పుడు జబ్బు పేరు చెప్పే తీసుకెళ్లండి. నా గ్లీసన్ ఎంత, జబ్బు బయటికి పాకిందా, ఇప్పుడు ఆగితే ఏమవుతుంది, నాకున్న దారులెన్ని, ఒక్కోదానితో నా బతుకు ఎలా మారుతుంది? ఈ అయిదు ప్రశ్నలూ ఆయన్నే అడగనివ్వండి.