బంతే ఉద్యోగమైన మనిషి

మన గుణుపురంలో క్రికెట్టు కన్నా ముందు ఫుట్‌బాల్ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వంశధారలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డాయంటే చాలు, సాయంత్రానికి ఏటి ఒడ్డున రెండు జట్లు తయారయ్యేవి. ఇసుకలో పరుగెత్తడం ఎంత కష్టమో పరుగెత్తిన వాళ్ళకే తెలుసు. సంతకి కొండ దిగి వచ్చిన సవర కుర్రాళ్ళు అప్పుడప్పుడు గంపలు పక్కన పెట్టి ఆటలోకి దిగేవారు. వాళ్ళ మీద మేం గెలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆట ఏట్లో ఆడినా మాటలు మాత్రం కలకత్తావే. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. నాన్నగారి కొట్లో ట్రాన్సిస్టరు చుట్టూ చేరి, సగమే అర్థమయ్యే బెంగాలీ వ్యాఖ్యానం వినేవాళ్ళం. పేర్లు మాత్రం స్పష్టంగా వినిపించేవి. వాటిలో ఒకటి హబీబ్. ఆయనది హైదరాబాదని తెలిసిన రోజు నుంచి ఆయన మా సొంత మనిషి అయిపోయాడు.

ఇన్నేళ్ళ తరువాత మహమ్మద్ హబీబ్ గారి గురించి రాయడానికి మా ఇంట్లో ఒక కారణం వచ్చింది. అది తరువాత చెబుతాను.

1972లో నాకు కలకత్తాలో ఒక బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మన చిన్న రైల్లో నౌపడా దాకా, అక్కడి నుంచి మెయిల్లో హౌరా. (ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. పెద్ద లైను వచ్చింది గాని ఆ కూత మళ్ళీ వినలేదు.) మా ఆఫీసులో నలుగురైదుగురు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఉండేవారు. పొద్దున్న మైదానంలో సాధన, తరువాత వచ్చి హాజరు పట్టీలో సంతకం, మ్యాచి ఉన్న రోజు భోజనం వేళకే సెలవు. వాళ్ళ లెడ్జర్లు మేం రాసేవాళ్ళం. అప్పటి పద్ధతే అది. క్లబ్బు ఏడాదికింత అని ముట్టజెప్పేది, నెల జీతం మాత్రం బ్యాంకో, రైల్వేయో, పోలీసు శాఖో ఇచ్చేది. ఆట వల్ల ఉద్యోగం, ఉద్యోగం వల్ల పింఛను. కాళ్ళు పదేళ్ళకే అరిగిపోతాయి, కుర్చీ అరవై దాకా ఉంటుంది కదా!

హబీబ్ గారు ఆ కుర్చీ వద్దన్నారు. ఉద్యోగాలు ఇస్తామని వచ్చిన వాళ్ళకి దండం పెట్టి, ఫుట్‌బాల్ ఒక్కటే నా పని అన్నారు. మన దేశంలో మొదటి అసలు సిసలు ప్రొఫెషనల్ అని ఆయన్ని చాలామంది అంటారంటే అందుకే. మా ఆఫీసులో మాత్రం ఆ రోజుల్లో దాన్ని పిచ్చి అనేవారు. నేను ఒరిస్సా వాణ్ణని ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, తెలుగు మాట్లాడతాను కాబట్టి, "మీ హైదరాబాదు వాళ్ళంతా ఇంతేనా?" అని నన్నడిగేవారు. ఆదివారం హబీబ్ గోలు కొడితే సోమవారం నాకు టీ ఇప్పించేవారు.

హైదరాబాదు అప్పుడు ఫుట్‌బాల్‌కి పుట్టినిల్లు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1951లోనూ 1962లోనూ భారత జట్టుకి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. 1963లో ఆయన పోయేనాటికి హబీబ్‌కి ఇంకా పధ్నాలుగేళ్ళు నిండలేదు.

1966లో, పదిహేడేళ్ళకి, ఈస్ట్ బెంగాల్ ఆయన్ని కలకత్తా తీసుకెళ్ళింది. 1968లో మోహన్ బగాన్, 1970లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, 1975లో మహమ్మడన్, 1976లో మళ్ళీ మోహన్ బగాన్. ఆ ఊళ్ళో జట్టు మారడమంటే పార్టీ మారడం కన్నా పెద్ద విషయం. అయినా హబీబ్ ఎక్కడికెళ్ళినా జనం ఆయన్ని ద్వేషించలేకపోయారు. 'బడే మియా' అనే పిలిచారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. 1980లో అర్జున అవార్డు వచ్చింది. తమ్ముడు అక్బర్ కూడా సామాన్యుడు కాదు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోలు కొట్టాడు. కూర్చోబోతున్న వాళ్ళు కూర్చోకుండానే అయిపోయింది.

హబీబ్ స్థానం పేరుకి ముందువరసే. కాని ఆయన నిలబడి బంతి కోసం ఎదురుచూసే రకం కాదు. వెనక్కి వచ్చి ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని, మైదానం మధ్య నుంచి దాన్ని ముందుకి నడిపి, ఇంకొకరికి అందించి, మళ్ళీ తానే గోలు ముందు ప్రత్యక్షమయ్యేవారు. పెళ్ళిలో వంటా తానే చేసి, వడ్డనా తానే చేసే మనిషి ఒకరుంటారు చూడండి, అలాగన్న మాట. పెద్ద ఆకారం కాదు. తొంభై నిమిషాలూ ఆగకపోవడమే ఆయన బలం.

1977 సెప్టెంబరు 24 శనివారం, మాకు ఒంటిపూట. ఆ రోజు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద పెలే వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ ఆడింది. టిక్కెట్టు దొరకలేదు. టీ కొట్టు దగ్గర రేడియోకి చెవి ఆనించి విన్నాను. వానకి నేలంతా బురద. కాస్మోస్ ముందు గోలు చేసింది, శ్యామ్ థాపా సమం చేశాడు, తరువాత హబీబ్! పెలే ఉన్న జట్టు మీద మనవాళ్ళు ముందున్నారు. ఆ కొట్టువాడు ఆ సాయంత్రం ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. చివరికి పెనాల్టీతో వాళ్ళు 2-2 చేశారనుకోండి. వారం తిరక్కుండానే, అక్టోబరు 1న, పెలే తన వీడ్కోలు మ్యాచి ఆడాడు.

1980ల్లో నైజీరియా నుంచి చదువుకోవడానికి మన దేశం వచ్చిన కుర్రాళ్ళు కలకత్తాలో ఆడి పేరు తెచ్చుకున్నారు. వాళ్ళలో ఎమెకా 1994 ప్రపంచ కప్పు నైజీరియా జట్టు దాకా వెళ్ళాడు. మైదానం మధ్యలో అతన్ని చూసినప్పుడల్లా నాకు హబీబే గుర్తొచ్చేవాడు.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దమ్మాయి కూతురికి పంతొమ్మిదేళ్ళు. భువనేశ్వర్‌లో క్రీడా హాస్టల్లో ఉండి ఫుట్‌బాల్ ఆడుతోంది, మిడ్‌ఫీల్డులోనే. ఇప్పుడు దాని చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆటల కోటాలో ఒక ఆఫీసు ఉద్యోగం. రెండోది ఒక క్లబ్బు ఒప్పందం, ఒక్క సీజనుకి. ఉద్యోగంలో చేరితే లీగుకి సెలవిస్తారన్న హామీ లేదు. క్లబ్బుకి వెళితే పై ఏడాదికి హామీ లేదు. అల్లుడుగారు ఉద్యోగమే అంటున్నారు. మా అమ్మాయి ఏమీ అనదు, ఫోను నాకిస్తుంది. ఆటగాళ్ళతో పనిచేసింది నేనొక్కణ్ణే కదా.

హబీబ్ కథంతా దానికి చెప్పాను. విని, "తాతయ్యా, ఆయనకి ఉద్యోగం ఉండుంటే అంత బాగా ఆడేవాడు కాదా?" అనడిగింది.

చటుక్కున జవాబు రాలేదు. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం గారు గుర్తొచ్చారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోళ్ళు కొట్టిన మనిషి. ఈస్ట్ బెంగాల్ విడిచి 1963లో రైల్వే వారి బి.ఎన్.ఆర్. జట్టుకి వెళ్ళారు. ఊపిరితిత్తుల జబ్బు చేసి ఇరవై ఏడేళ్ళకే ఆట పోయింది. రైల్వే ఉద్యోగం మిగిలింది. హబీబ్ గారు కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం ఆడి, తరువాత జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకి నేర్పారు. చివరి రోజుల్లో వణుకుడు జబ్బూ, మతిమరుపూ పట్టుకున్నాయి. ఇద్దరూ ఒకే ఏడాది పోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం గారు కలకత్తాలో, ఆగస్టు 15న హబీబ్ గారు హైదరాబాదులో.

ఇవన్నీ చెప్పి, "ఉద్యోగం ఉన్నా బాగానే ఆడేవాడమ్మా, మా ఆఫీసు వాళ్ళు ఆడలేదూ?" అన్నాను. "కాని వాళ్ళు మ్యాచి ఓడిపోతే సోమవారం ఆఫీసుకి వచ్చేవారు. ఆయనకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు" అని కూడా అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "నాకు తెల్లారి అయిదింటికి ప్రాక్టీసు, పడుకుంటా తాతయ్యా" అంది.

సంతకాలకి నెలాఖరు గడువు. మన సంఘ సభ్యుల్లో పిల్లల్ని ఆటల్లోకి పంపినవారు ఎవరైనా ఉంటే, ఏం చేశారో, తరువాత ఏమైందో నాకొక ఉత్తరం రాయండి. పత్రిక మూడు నెలలకోసారి వస్తుంది కాబట్టి మీ సలహా అందేసరికి మా అమ్మడు ఏదో ఒకదాని మీద సంతకం పెట్టేసి ఉంటుంది. అయినా రాయండి. క్లబ్బు కాగితమైతే పై ఏడాది మళ్ళీ వస్తుంది.