నెట్ పరీక్ష రాసే మన పిలకాయల కోసం



మన ఇళ్ళల్లో ఇప్పుడు ఎం.ఏ. తెలుగు దాకా వచ్చిన పిలకాయలు ఉన్నారు. ఆ తర్వాత కాలేజీలో పాఠం చెప్పాలన్నా, జే.ఆర్.ఎఫ్. డబ్బుతో పరిశోధన చేయాలన్నా ఎక్కువ మందికి దారి యూజీసీ నెట్. ఆ పరీక్ష ఎట్లా ఉంటుందో పెద్దవాళ్ళకు తెలియదు. రాకపోతే మాత్రం "సరిగా చదవలేదు" అనేస్తాం. అందుకే ఇది రాస్తున్నాం.

ఎం.ఏ.లో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 50 చాలు. పరీక్ష మూడు గంటలు, మధ్యలో విరామం లేదు. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు, రెండోదాంట్లో 100. ఒక్కోదానికి 2 మార్కులు, మొత్తం 300. తప్పు రాస్తే మార్కు కోత లేదు. కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చేది రాసినవాళ్ళలో నూటికి ఆరుగురికే.

మొదటి పేపర్ అందరికీ ఒకటే. బోధన, పరిశోధన, లెక్కలు, తర్కం, కంప్యూటర్, పర్యావరణం, ఇట్లా 10 భాగాలు. అది ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది. అరవ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు బడి భాషా లేదు, ఇంటి భాషా లేదు. రెండో పేపర్ పూర్తిగా తెలుగు లిపిలో.

ఒకప్పుడు మూడో పేపర్ ఒకటి ఉండేది. 2012 జూన్‌కు ముందు అందులో వ్యాసాలు చేత్తో రాయాలి. ఇప్పుడు అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. రాత పోయింది కదా, మనవాళ్ళకు సులువు అనుకుంటాం. కాదు. 180 నిమిషాలు, 150 ప్రశ్నలు. ఒక్కోదానికి 72 సెకన్లు. కవుల పేర్లు ఒక పక్క, కావ్యాలు ఒక పక్క పెట్టి జత చేయమంటారు. గ్రంథాలను కాలక్రమంలో పెట్టమంటారు. ఇవన్నీ చదివేటప్పటికే టైము అయిపోతుంది.

మాకు తెలిసిన ఒక అమ్మాయికి అదే జరిగింది. పాఠం అడిగితే గడగడా చెప్తుంది. పరీక్షలో చివరి ఇరవై ప్రశ్నలు చదవనే లేదు. ఆమెకు తక్కువైంది తెలివి కాదు, అక్షరం మీద పరుగు. అరవంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. పదేళ్ళు దానికి అలవాటుపడిన కన్ను తెలుగు వత్తుల దగ్గర ఆగి ఆగి పోతుంది. మావంటి అరవ మీడియం వాళ్ళం రైలు ఆరంబాక్కం దాటి తడ చేరినాక స్టేషన్ బోర్డులు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాం. బండి ఆగినంతసేపు ఒక్క పేరు చదివితే మాకు సరిపోయింది. ఈ పిలకాయలకు సరిపోదు.

ఇంకో మాట. ఆ రెండో పేపర్‌లో మన ఊళ్ళే ఉన్నాయి. తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి రాసిన విజయవిలాసం, విజయరాఘవుడి కాలంలో రంగాజమ్మ మన్నారుదాస విలాసం, మరాఠా ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని రాధికా సాంత్వనం. మధురలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి వచన జైమిని భారతం. దక్షిణాంధ్ర సాహిత్యం అని హైదరాబాదు పిల్లలు బట్టీపట్టేది మన గడ్డమీద పుట్టిందే. మన పిల్ల దాన్ని చదవలేక మార్కు పోగొట్టుకోవడం మనకు బాగుందా?

ఆదివారం సాయంత్రం సంఘం హాలు ఖాళీగానే ఉంటుంది. ఒక గంట తెలుగు గట్టిగా చదివిద్దాం, గడియారం పెట్టి. పాత ప్రశ్నపత్రాలు ఎన్.టి.ఏ., యూజీసీ వెబ్‌సైట్లలో ఊరికే దొరుకుతాయి. ప్రింట్లు తీసే పని మేం చూసుకుంటాం. ఎం.ఏ. పిల్లలే కాదు, తొమ్మిది, పది చదివేవాళ్ళనూ పంపండి. వేగం ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు.

మీ ఇంట్లో ఎవరైనా ఉంటే కింద ఒక మాట రాయండి. తెలుగులో రాయడం రాకపోతే అరవంలోనైనా రాయండి, మేం చదువుకుంటాం.